చిటికెన వేలికి రెండు చుట్లు

మార్తమ్మను పొట్టన పెట్టుకున్నది లేసు సంఘం. ఇందులో వాదనకు చోటు లేదు. సమాధి మీద మన్ను తడి ఆరకముందే, పాస్టరుగారు వింటుండగానే ఆవిడ భర్త ఏలీయా ఈ మాట అన్నాడు. ముసురులో వైనతేయ గోదావరి రేవు దాటి ఓడలరేవు వెళ్ళింది, తడిసి వచ్చింది, ఆ జ్వరంతోనే పోయింది. వెళ్ళమన్నది సంఘం. దేవుడి చిత్తం అని ఓదార్చబోయినవాళ్ళను ఏలీయా మళ్ళీ గుమ్మం తొక్కనివ్వలేదు.

సంఘం అంటే మేడలేం లేవు. రాజోలు రోడ్డు పక్కన ఒక పెంకుటింటి వరండా, నాలుగు చాపలు, బుట్టల నిండా దారపు ఉండలు, చుట్టుపక్కల పేటల నుంచి వచ్చే ఆడవాళ్ళు. అమ్మమ్మల కాలంలో దొరసానులు నేర్పిన లేసు అల్లిక పని అది. లేసు కొనే ఏజెంటు విసిరిన డబ్బులు ఏరుకునే రోజులు పోవాలని సలోమి టీచరు వాళ్ళందరినీ కూడగట్టి సంఘం పెట్టింది. తుఫానుకు ఓడలరేవులో పడవలూ వలలూ కొట్టుకుపోయాక, అక్కడి ఆడవాళ్ళకు కూడా లేసు నేర్పుదామన్నది ఆవిడే. అన్నది ఆవిడ. వెళ్ళి నేర్పింది మార్తమ్మ.

అల్లిన గుడ్డలకు గంజి పెట్టి, చెక్క మీద లాగి, పిన్నులు గుచ్చి ఆరబెట్టే పని ఏలీయాది. ఏళ్ళ తరబడి తడి గుడ్డలు పట్టుకుని పట్టుకుని, ఏ గుడ్డ ఎవరిదో అతని బొటనవేలికి తెలిసిపోయేది. సువర్ణ అల్లిక వదులు. సలోమి టీచరుది ఎగుడుదిగుడు. బళ్ళో ఇన్‌స్పెక్షన్ ఉన్న వారం మరీను. మార్తమ్మది బిగువు. ఎంత లాగినా పువ్వు రేకు కదిలేది కాదు.

ఆ బిగువుకు కారణం ఏలీయాకు ఒక్కడికే తెలుసు. చిన్నప్పుడు కొబ్బరి పీచు కొడుతుంటే కొయ్యసుత్తి లాంటి కొడితి జారి మార్తమ్మ ఎడమచేతి చిటికెన వేలి మీద పడింది. వేలు వంకర తిరిగి ఉండిపోయింది. లేసు అల్లేటప్పుడు దారాన్ని చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టి పట్టుకుంటారు. ఆవిడ వేలి మీద అది నిలిచేది కాదు, జారిపోయేది. అందుకని రెండు చుట్లు చుట్టేది. ఎవరికీ చెప్పుకోలేదు. జాలిపడేవాళ్ళంటే ఆవిడకు మంట.

అమలాపురం ఎగ్జిబిషన్‌లో పెట్టడానికని గుండ్రటి పెద్ద బల్లగుడ్డ మొదలుపెట్టింది. అంచు వరసలు మిగిలుండగా పోయింది. ఏలీయా ఆ గుడ్డను ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. చెక్కలూ పిన్నులూ సంఘం వరండాలో పడేసి వచ్చాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు సలోమి టీచరు, సువర్ణను వెంటబెట్టుకుని వచ్చింది.

"బాగున్నారా అన్నయ్యగారూ?"

"బాగుంటే ఏం చేస్తారు? బాగోకపోతే ఏం చేస్తారు?"

టీచరు నిలబడే మాట్లాడింది. కూర్చోమని అతను అనలేదు. "ఆ బల్లగుడ్డ కోసం వచ్చేమండి. సంఘం దారం కదండీ. పోయినవాళ్ళ పని సగంలో ఆగితే విప్పేసి, ఆ దారం కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇవ్వాలని రూలు. ఓడలరేవులో కొత్తవాళ్ళు చేరేరు."

"మనిషిని తీసుకెళ్ళేరు. చాల్లేదా? గుడ్డ కూడా విప్పుతారా?"

"ఆ రూలు నేను పెట్టలేదండి." టీచరు గొంతు తగ్గించింది. "మన సంఘంలో సుబ్బమ్మ పోయినప్పుడు మార్తమ్మగారే పెట్టించేరు. పెట్టెలో దాచుకుంటే దారం పసుపెక్కడం తప్ప ఏముంది, పిల్లల చేతుల్లో పడితే పువ్వయినా పూస్తుంది అన్నారు."

అబద్ధమని అనడానికి లేదు. అది మార్తమ్మ మాటే. ఇంకెవరూ అలా అనరు. ఏలీయా పెట్టె వైపు చూశాడు. ఆవిడ అన్న ప్రకారం చేస్తే ఆవిడ చేతిపని చివరిది దారమైపోతుంది. చెయ్యకపోతే ఆవిడ మాటే పోతుంది.

"మీ చేతికి మాత్రం ఇవ్వను," అన్నాడు చివరికి. "ఓడలరేవు నేనే తీసుకెళ్తాను. విప్పితే నా కళ్ళముందు విప్పాలి."

"అంటే ఇచ్చినట్టేగా మావయ్యగారూ," అంది సువర్ణ.

"నువ్వు నోరు మూసుకో. నీ అల్లికలో చేపలు పట్టొచ్చు."

సువర్ణ కోపం తెచ్చుకోలేదు. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మార్తమ్మ పోయాక ఆయన నోట ఇలాంటి మాట వినడం అదే మొదలు.

ఓడలరేవులో తరగతి అంటే తాటాకు పాక. ఒకవైపు ఎండుచేపల తట్టలు, ఒకవైపు దారపు బుట్టలు. చేపల బేరంలో గొంతు బొంగురుపోయిన నాగమణి అనే ఆవిడ ఎదురొచ్చింది. అక్కడ మొట్టమొదట నేర్చుకున్నది ఆవిడే. ఇప్పుడు మిగతావాళ్ళకు నేర్పుతోంది. ఏలీయా ఎవరో తెలియగానే చెయ్యి కడుక్కుని వచ్చి, గుడ్డ పుచ్చుకుని ఒడిలో పరుచుకుంది. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు.

"చూస్తారేంటి? విప్పండి," అన్నాడు ఏలీయా.

"విప్పడమేంటి బాబాయిగారూ? ఇంకెంతుందండి, అంచే కదా."

"రూలు."

"రూలు సగంలో ఆగిపోయినదానికి కదండీ? ఆపకుండా అల్లేస్తే సరి!"

పాకలో నవ్వులు లేచాయి. ఏలీయాకు ఒళ్ళు మండింది. "ఇది ఎవరు పడితే వాళ్ళు పూర్తిచేసే గుడ్డ కాదమ్మా. చెయ్యి మారితే అతుకు తెలుస్తుంది. గోడకి మాసికేసినట్టు ఉంటుంది. అంతకంటే విప్పెయ్యడం నయం."

"ఆయ్, చూద్దాం," అని నాగమణి లేసు అల్లే కొక్కెం అందుకుంది. వేలాడుతున్న దారం పట్టుకుని చిటికెన వేలికి చుట్టింది. ఒక చుట్టు. మళ్ళీ ఇంకో చుట్టు.

ఏలీయా ముందుకు వంగాడు. "రెండు చుట్లెందుకు?"

"మరెన్ని చుట్టాలండి?"

అతను పాకంతా కలియజూశాడు. గోడవార కూర్చున్న ముసలమ్మ వేలికి రెండు చుట్లు. తట్టల పక్కన చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకున్నదానికి రెండు చుట్లు. నిన్నగాక మొన్న చేరి, ఇంకా గొలుసు కుట్టు దగ్గరే తంటాలు పడుతున్నదానికి కూడా రెండే. వలలు లాగి లాగి గట్టిపడిన వేళ్ళు. ఒక్కటీ వంకర లేదు.

"ఒక్క చుట్టు చాలు," అన్నాడు ఏలీయా.

"ఊరుకోండి బాబాయిగారూ, మీకేం తెలుసు! మా మార్తమ్మ పంతులమ్మగారు ఎప్పుడూ రెండే చుట్టేవారు. రాజోలు నుంచి ఒకావిడ వచ్చి ఒక చుట్టుతో అల్లితే, అదేం అల్లికని మేం నవ్వుకున్నాం."

ఆ ఒకావిడ సలోమి టీచరని ఏలీయాకు తెలుసు. వంకర వేలి సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. వీళ్ళకు అది అవిటితనం కాదు, పద్ధతి. దాన్ని చెడగొట్టే హక్కు తనకు లేదు. గుడ్డ అక్కడే వదిలేసి పడవెక్కాడు.

అమలాపురంలో హైస్కూలు హాలులో ఎగ్జిబిషన్ పెట్టారు. కొబ్బరి పీచు తాళ్ళు, చాపలు, బుట్టలు, మధ్యలో లేసు సంఘం బల్ల. దాని మీద మార్తమ్మ గుడ్డ, అంచుతో సహా. ఓడలరేవు ఆడవాళ్ళు ఉతికిన చీరలు కట్టుకుని వరసగా నిలబడ్డారు. జనం వచ్చి ముట్టుకుని చూస్తున్నారు. ఏలీయా వస్తే దారిచ్చారు.

"ఇందులో రెండు చేతులున్నాయండి," అంది సలోమి టీచరు, చుట్టూ ఉన్నవాళ్ళతో. "ఎక్కడ మారిందో ఈయనొక్కరే చెప్పగలరు."

ఏలీయా కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలు నడిమి పువ్వు మీద పెట్టి, రేకు రేకునా పైకి జరిపాడు. పువ్వు దాటాడు, జాలీ దాటాడు, ఆకు దాటాడు. వేలు అంచు దాటి బల్ల చెక్కకు తగిలింది. మళ్ళీ నడిమి నుంచి మొదలుపెట్టాడు. ఈసారి ఇంకా నెమ్మదిగా. వేలు మళ్ళీ చెక్కకే తగిలింది.

"దొరికిందా బాబాయిగారూ?" అంది నాగమణి. ఆవిడ నవ్వడం లేదు.

"లేదు."

"సరిగ్గా చూడండి. మొహమాటపడకండి."

"నాకు మొహమాటమేంటి? అంతా ఒక్క చెయ్యే."

ఖద్దరు చొక్కా ఆయనెవరో అడిగాడు: "ఎవరి చెయ్యండీ?"

"మార్తమ్మది," అన్నాడు ఏలీయా. "నా భార్య. ఓడలరేవులో వీళ్ళందరికీ నేర్పింది. అక్కడ ఏ గుడ్డ పట్టుకున్నా ఇదే బిగువు." తాళ్ళ బల్ల దగ్గరవాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు. మెడ నిటారుగా పెట్టుకుని అన్నాడు. నాగమణి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

సందడి తగ్గాక టీచరు వరండాలోకి వెనకాలే వచ్చింది. "అన్నయ్యగారూ, ఐ.పోలవరంలో కొత్త తరగతి పెడుతున్నాం. నాగమణి వెళ్ళి నేర్పుతుంది. మీరొచ్చి మార్తమ్మగారి గురించి ఇక్కడ చెప్పినట్టు రెండు మాటలు చెప్పాలి."

"మీరు చేసింది నేను మర్చిపోలేదు టీచరుగారూ."

"తెలుసండి."

"మర్చిపోను కూడా. గుడ్డ బాగుంటే బాగుందన్నాను, అంతే. ఆవిడ ఏమిటో లోకం చూసింది, నేనూ చూశాను. నేను చెప్పవలసింది లోపల చెప్పేశాను."

"అక్కడివాళ్ళు వినలేదు కదండీ. ఒక్కసారి..."

"ఐ.పోలవరంలో చెప్పను, మందిరంలో చెప్పను, ఇంట్లో గోడకి కూడా చెప్పను. ఈ సంగతి ఇక నా నోట రాదు. మీరూ ఎత్తొద్దు."

చెప్పులు వేసుకుని బస్టాండు వైపు నడిచాడు. టీచరు ఇంకేదో అంది. అతను జవాబివ్వలేదు. తర్వాత ఎవరడిగినా ఇవ్వలేదు.