కొండ మీద చప్పట్లు

నేను ఒక చక్రాల కుర్చీని. నాలో కూర్చున్నవాళ్ళెవరూ సంతోషంగా కూర్చోలేదు, అందుకు నేనెప్పుడూ నొచ్చుకోలేదు. అవసరం లేకుండా కూర్చున్నవాడు మాత్రం ఒక్కడే. ఆయన గురించే చెబుతాను.

ఇనుప గొట్టాలు వంచి, అతికి, నీలం రెగ్జిన్ బిగించి నన్ను తయారుచేశారు. కౌలాలంపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసే జగదీష్ తన తల్లి కోసం నన్ను కొన్నాడు. తుంటి విరిగిన ఆ పెద్దావిడ రోజూ ఉదయం నా చేతుల మీద అరచేతులు ఆనించి లేవబోయేది. లేవలేక నవ్వేసి, "రేపు చూద్దాంలే" అనేది. మూడేళ్ళు అలా గడిచాయి. ఆమె పోయాక నన్ను మడిచి తలుపు వెనక గొడుగుల పక్కన నిలబెట్టారు.

ఏడాది తర్వాత జగదీష్ తోడల్లుడు పేరయ్య మాస్టారు, ఆయన భార్య సుభాషిణి పర్చూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చారు. మాస్టారు ముప్పై మూడేళ్ళు హైస్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరయ్యాడు. తెల్లవారకుండానే లేచి అపార్ట్‌మెంట్ చుట్టూ పది చుట్లు తిరిగి వచ్చేవాడు.

కౌలాలంపూర్‌కి దూరంగా ఒక కొండ ఉంది. రోప్‌వేలో పైకి వెళ్ళి తోటలు చూసి రావడం అక్కడ పెద్ద వేడుక. ఆదివారం బయల్దేరేముందు జగదీష్ నన్ను బయటికి లాగి దుమ్ము దులిపాడు.

"అన్నయ్యా, క్యూ రెండున్నర గంటలంట. వీల్‌చైర్ ఉంటే ఇంటిల్లిపాదినీ ముందు పంపేస్తారు."

"నాకేం రోగమయ్యా?" అన్నాడు మాస్టారు.

"పోనీ, అక్క కూర్చుంటుందిలే" అంది జగదీష్ భార్య ఇందుమతి.

"శుభమా అని ఊరు చూడ్డానికొచ్చి అందులో కూర్చోమంటావేంటే? నా వల్ల కాదు" అంది సుభాషిణి. తర్వాత భర్త దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "రేపే మన ప్రయాణం. ఇందు ఎంతో ఆశపడింది. గంటసేపేగా, కూర్చోండి" అంది.

రోప్‌వే దగ్గర ఆయన నాలో కూర్చున్నాడు. జబ్బుమనిషి కూర్చుంటే బరువంతా ఒక్కసారిగా నా మీద పడుతుంది. ఈయన మాత్రం విజిల్ వినగానే లేచేవాడిలా కూర్చున్నాడు. కానీ క్యూ పక్కగా వెళ్తున్నప్పుడు, ఎవరూ అడక్కుండానే, ఆయన తల కాస్త పక్కకి వాలింది. ఎడమచేతి వేళ్ళు ముడుచుకున్నాయి. జనం జాలిగా చూసి దారి ఇచ్చారు. ఒక పసిపిల్ల మాస్టారి ఒళ్ళో చాక్లెట్ పెట్టి వెళ్ళింది.

మా ముందు ఇంకో చక్రాల కుర్చీ ఉంది. అందులో ఒక చైనా ముసలమ్మ, వెనక టోపీ పెట్టుకున్న ఒక నర్సు. కుర్చీ పట్టే క్యాబిన్ అరగంటకొకటి, అందులో ఒక్క కుర్చీకే చోటు. జగదీష్ మాస్టారి వైపు చూపించి, ఎక్కువసేపు కూర్చోలేడని అక్కడి ఉద్యోగికి ఇంగ్లీషులో చెప్పాడు. ఆ ఉద్యోగి ముసలమ్మ కుర్చీని పక్కకి జరిపించాడు. మాస్టారు వాళ్ళ వైపు చూడలేదు. నేను మాత్రం వాళ్ళ చక్రాలు ఎండలోకి జరగడం చూశాను.

పైన తోటలో కాసేపు తిరిగాక ఇందుమతి ఫోటోల కోసం అందరినీ పిలిచింది. మాస్టారు చేతులు ఆనించి లేవబోయాడు.

"డ్రిల్లు మాస్టారూ!"

ఆ నర్సే. ముసలమ్మ కుర్చీకి బ్రేకు వేసి పరుగున వచ్చి మాస్టారి కాళ్ళ దగ్గర కూలబడింది. ఆయన మళ్ళీ నాలో కూర్చుండిపోయాడు.

"నేను సార్, మార్తని. పర్చూరు హైస్కూలు, తొమ్మిదో తరగతి బి సెక్షన్. ఏమైంది సార్ మీకు?"

మాస్టారు భార్య వైపు చూశాడు. సుభాషిణి కంగారుగా, "పక్షవాతమమ్మా. ఎడమ పక్క" అనేసింది.

మార్త ఆయన మోకాలికి తలాన్చి ఏడ్చింది. "మా నాన్న పరుగులొద్దంటే మీరు మా గుడిసెకొచ్చి ఒప్పించారు గదా సార్. విజిల్ కంటే ముందే కదిలానని మూడుసార్లు వెనక్కి పంపించారు. అప్పుడు మిమ్మల్ని తిట్టుకున్నా" అంటూ ఏడుపులోనే నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. "కింద మమ్మల్ని ఆపి పంపింది మిమ్మల్నేనా? పోన్లెండి, మీకోసమేగా. ఆ అమ్మగారికి ఎండ పడదు గానీ, మీరని తెలిస్తే నేనే జరిగేదాన్ని."

మాస్టారి వీపు చెమటతో తడిసి నా రెగ్జిన్‌కి అతుక్కుంది.

ఆమె ఆయన ఎడమచేతిని తన చేతిలోకి తీసుకుంది. "వేళ్ళు తెరవండి సార్. మెల్లిగా." ఆయన తెరిచాడు. "నా చెయ్యి నొక్కండి." నొక్కాడు. మార్త మొహం వెలిగిపోయింది. "ఎంత బలముందో చూడండమ్మా! ఇన్ని కేసులు చూశాను, ఇంత బలం చూళ్ళేదు. మీరు నడుస్తారు సార్. నన్ను పట్టుకోండి. ఒక్క అడుగు."

"వద్దు మార్తా" అన్నాడాయన. ఆమె భయమనుకుంది. అప్పటికే ఆయన చంకల కింద చేతులు వేసి లేపుతోంది. ఆయన లేచాడు. ఆమె వెనక్కి ఒక అడుగు వేస్తే, ఆయన ముందుకి ఒక అడుగు వేశాడు. చుట్టూ చేరిన జనం ఏమనుకున్నారో, చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల వేశారు. ఆ చైనా ముసలమ్మ కూడా వణికే చేతులతో చప్పట్లు కొట్టింది. మార్త ఏడుస్తూ, "స్తోత్రం ప్రభువా, స్తోత్రం" అంటోంది.

కావాలంటే మాస్టారు ఆ అద్భుతాన్ని అలాగే ఉంచేసి మళ్ళీ నాలో కూర్చోవచ్చు. జగదీష్ కళ్ళతో అదే సైగ చేశాడు.

"మార్తా, నాకేం కాలేదమ్మా" అన్నాడు మాస్టారు. "క్యూ తప్పించుకోడానికి కూర్చున్నా."

ఆమెకి అర్థం కాలేదు. ఆయన చేతులు ఇంకా పట్టుకునే ఉంది. ఆయన మళ్ళీ అదే మాట చెప్పాడు. అప్పుడు వదిలింది. చప్పట్లు కొడుతున్నవాళ్ళకి తెలుగు రాదు, ఇంకా కొడుతూనే ఉన్నారు.

మార్త తన ముసలమ్మ దగ్గరికి వెళ్ళింది. ముసలమ్మ తలమీది టోపీ సర్దింది. "కింద అరగంట ఎండలో ఉంచారు సార్ ఈమెని" అంది, మాస్టారి వైపు తిరగకుండా. కుర్చీ తోసుకుంటూ తోటలోకి వెళ్ళిపోయింది.

ఫోటోలు తీసుకోలేదు. తిరుగుప్రయాణంలో మాస్టారు మిగతావాళ్ళని బెంచీ మీద కూర్చోబెట్టి, నన్ను మడిచి చంకన పెట్టుకుని మామూలు క్యూలో నిలబడ్డాడు. ఉద్యోగి వచ్చి తాడు తీసి రమ్మంటే తల అడ్డంగా ఊపాడు. సుభాషిణి వచ్చి, "అనేశాను, ఏంచెయ్యను? ఆ పిల్ల అలా ఏడుస్తుంటే..." అంది. "నువ్వు అన్నదానికి కాదు. నేను ఊరుకున్నదానికి" అన్నాడాయన. గంటన్నర తర్వాత కిందికి దిగాం.

మర్నాడు ఊరికి వెళ్ళేముందు ఆయన జగదీష్‌ని ఒకటే అడిగాడు, మార్త ఎక్కడ పనిచేస్తుందో కనుక్కుని నన్ను అక్కడ ఇవ్వమని. జగదీష్ గొణిగాడు గానీ, నెల తిరక్కుండా కనుక్కుని తీసుకెళ్ళాడు. ఊరి చివర వృద్ధాశ్రమం. నాతోపాటు మాస్టారు రాసిన ఉత్తరం ఇచ్చి, తలెత్తకుండా వెళ్ళిపోయాడు.

మార్త నిలబడే ఆ ఉత్తరం చదివింది. అందులో ఏముందో నాకు తెలియదు. చదివి, నాలో కూర్చుంది. ఫోన్ తీసి ఏదో మాట్లాడి రికార్డు చేసి, చెరిపేసింది. మళ్ళీ మాట్లాడింది, మళ్ళీ చెరిపేసింది. మూడోసారి చెప్పింది నేను విన్నాను.

"కుర్చీ అందింది సార్. ఇక్కడ దీని అవసరం చాలామందికుంది. మీ మీద కోపం పోలేదు, అబద్ధం చెప్పను. కానీ ఆరోజు మీరు లేచి నిలబడ్డప్పుడు నేను పడ్డ సంతోషం నిజం సార్. దాన్నేం చేసుకోవాలో నాకు తెలియట్లేదు."

పంపించింది. లోపలి నుంచి ఎవరో పిలిస్తే లేచి, నన్ను తోసుకుంటూ వెళ్ళింది.