పురటాసిలో బెలంకాస్ పులుసు

మా తెలుగు సంఘం పిల్లల శిబిరంలో ఏటా సైన్సు క్విజ్ నడిపేది నేనే. ఏ గ్రహం తన చుట్టూ తాను ఒక్కసారి తిరిగేలోపు సూర్యుణ్ని ఓ చుట్టు చుట్టేసి వస్తుంది? ఆక్టోపస్‌కు గుండెలెన్ని? ఇలాంటివి. తప్పు జవాబు వింటే ఊరుకునే రకం కాదు నేను. పిల్లలనే కాదు, పెద్దలనూ వదలను. ఒక పెళ్లిలో పురోహితుడు గ్రహణం గురించి ఏదో అంటే మైకు అడిగి మరీ సరిచేశాను. అప్పట్నుంచి మా ఆవిడ రత్నావతి పెళ్లిళ్లలో నా పక్కన కూర్చోవడం మానేసింది.

ఉండేది మలేసియాలో, క్లాంగ్‌లో. ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఒక్కతే కూతురు, శర్మిళ. సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దానికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ఆరో నెల నడుస్తుండగా, ఇక్కడివాళ్లు పెరుమాళ్‌కు, అంటే వెంకన్నకు, నిష్ఠగా ఉండే పురటాసి మాసం వచ్చింది. ఆ నెలంతా ఇంట్లో ఎవరూ నీసు ముట్టరని, బిడ్డను నిలబెట్టమని రత్నావతి పెరుమాళ్‌కు మొక్కేసుకుంది. నన్ను అడగలేదు. అడిగితే కడుపులో బిడ్డకూ నా కంచంలో చేపకూ సంబంధమేమిటని ఉపన్యాసం ఇస్తానని తనకు తెలుసు. సరేలే, కూతురి కోసం కదా అని నేనూ తలూపాను. రోజూ పప్పు, పెరుగు, బెండకాయ. నాలుక చచ్చిపోయింది.

అప్పుడు వసంతన్ ఫోన్ చేశాడు. రత్నావతి తమ్ముడు, కువాలా సెలంగోర్‌లో చిన్న పామాయిల్ తోట చూసుకుంటాడు.

"బావా, బెలంకాస్ గుడ్లు దొరికినాయి. వచ్చేయ్ లా. అక్కకి మాత్రం సెప్పకు."

బెలంకాస్ అంటే గుర్రపునాడా పీత. పేరుకే పీత, నిజానికి సాలెపురుగుకు దగ్గరి చుట్టం. డైనోసార్ల కంటే ముందు నుంచీ భూమ్మీద ఉంది. రక్తంలో రాగి ఉండటం వల్ల నీలంగా ఉంటుంది. ఇంజెక్షన్ మందుల్లో సూక్ష్మజీవుల విషం ఉందో లేదో ఆ రక్తంతోనే పరీక్షిస్తారు. ఇవన్నీ నా క్విజ్ ప్రశ్నలే. ఇంకో ప్రశ్న కూడా ఉంది. తోక మూడు పలకలుగా ఉంటే తినొచ్చు. గుండ్రంగా ఉంటే అది మడ అడవిది, దాని గుడ్లలో ప్రాణం తీసే విషం ఉండొచ్చు.

తోట సంగతి చూసొస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరాను. వసంతన్ వంటింట్లో ప్లాస్టిక్ సంచీ చూపించాడు. పచ్చటి గుడ్లు, అంతే.

"తోక ఏదిరా?" అన్నాను.

"గుడ్లే ఇచ్చినాడు బావా, పడవ కాడ. తోక నాను సూడలేదు."

అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. మా అమ్మ బటాంగ్ బెర్జుంటై ఎస్టేటులో ఉన్నప్పుడు నీళ్లలోంచి వచ్చిన దేన్నయినా చింతపండు రసంలో, పసుపులో నానబెట్టి గానీ వండేది కాదు. పులుపు విషాన్ని విరిచేస్తుందని ఆ కూలీ లైన్లలో ఆడవాళ్లందరి నమ్మకం. దానికి నా రసాయనశాస్త్రం తగిలించాను.

"విషం క్షారంరా, సింతపండు ఆమ్లం. రెండూ కలిస్తే విరిగిపోద్ది. సిక్కగా పిండు, పసుపు దండిగా ఎయ్యి."

వసంతన్‌కు నా మాట వేదం. అలాగే వండాడు. ఉప్పు చూడటానికి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

"పెదాలు సిమసిమలాడతన్నాయి బావా."

"మిరపకాయరా అది. నువ్వు మానేయ్, నాకు మిగుల్తాది."

ఆవురావురుమంటూ తిన్నాను. చెయ్యి కడుక్కునేటప్పుడు నీళ్లు వేళ్లకు తగలడం తెలియలేదు. తర్వాత పెదాలు, తర్వాత కాళ్లు. వసంతన్ నన్ను కారులో పడేసి ఆస్పత్రికి తోలాడు. చేరేసరికి మాట పోయింది, సగం మూసుకున్న కనురెప్ప కూడా కదలడం లేదు, ఆఖరికి ఊపిరీ పోయింది. గొట్టం దించి యంత్రానికి తగిలించారు. తెలివి మాత్రం పోలేదు. ఒక్క నిమిషం కూడా పోలేదు.

ఏం తిన్నాడని డాక్టరమ్మ మలాయ్‌లో అడిగింది. చిన్న పిల్ల, కంగారుగా ఉంది.

"పెరుగన్నం," అన్నాడు వసంతన్.

ఒరేయ్ చెప్పరా అని లోపల అరిచాను. బయటికి గాలి కూడా రాలేదు. డాక్టరమ్మ అటు వెళ్లగానే వాడు నా చెవి దగ్గరికి వంగాడు. ఏడుస్తున్నాడు.

"బయపడకు బావా. అక్కకి తెలీనివ్వను. నీ పరువు నా సేతిలో ఉంది."

నా పరువు! అంత మంచివాడి చేతిలో చావడం కంటే దారుణం లేదు.

పడుకుని ఉన్నాను కదా, జవాబులన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆ విషం ఉడికించినా పోదు, పులుపుకు అసలే పోదు. నరాల మీద పనిచేసి ఒళ్లంతా చచ్చుబడేలా చేస్తుంది, మెదడు జోలికి పోదు. విరుగుడు లేదు. యంత్రం ఊపిరి పోస్తూ ఉంటే ఒకట్రెండు రోజుల్లో తనే దిగిపోతుంది. అంటే ఎవరైనా బెలంకాస్ అని ఒక్క మాట అంటే చాలు, విషం దిగేదాకా వీళ్లు ఆగుతారు. అనకపోతే ఏమవుతుందో మర్నాడు తెలిసింది.

రత్నావతి, శర్మిళ వచ్చారు. స్కానింగులో ఏమీ కనబడలేదనీ, మెదడు అడుగుభాగంలో స్ట్రోక్ అయి ఉంటుందనీ, కళ్లలో లైటు వేసినా చలనం లేదనీ డాక్టరమ్మ చెప్పింది. మధ్యాహ్నం ఇద్దరు స్పెషలిస్టులు వచ్చి మెదడు బతికుందో లేదో పరీక్షిస్తారట. నా పేరు అవయవదానానికి ఒప్పుకున్నవాళ్లలో ఉందని కూడా మెల్లగా గుర్తుచేసింది. ఉంటుంది మరి. ఒక్క మనిషి ఎనిమిది మందిని బతికించగలడని పిల్లలకు చెప్పి, వాళ్ల ముందే గొప్పగా పేరు రాయించుకున్నాను.

"మందులు గానీ, కలుపుమందు గానీ, వేరే తిండి గానీ ఏమైనా? మీకు తెలిసింది చెప్పండి. పరీక్షకు ముందు ఇది ముఖ్యం," అని రత్నావతిని అడిగింది.

"ఇది పురటాసి. మా ఇంట్లో ఎవరూ ఏమీ ముట్టరు," అంది రత్నావతి.

శర్మిళ నా చెయ్యి పట్టుకుని "నాన, ప్లీజ్ నాన," అంటూ ఉండిపోయింది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట రాదు. ఆ రెండు మాటలే మళ్లీ మళ్లీ అంది. దాని పొట్ట మంచం అంచుకు తగులుతోంది. నాకు భయమేసింది. చావంటే కాదు, బతికుండగా కోస్తారని. అంత భయం పుట్టి ఎరగను.

కూతుర్ని ఏదైనా తినమని పంపేసి రత్నావతి తలుపు దగ్గరగా వేసింది. నా నుదుటి మీద తిరుమణి నామం పెట్టింది. పెట్టిన చల్లదనం తెలియలేదు, తన చెయ్యి నీడ కనిపించిందంతే.

"ఏవండీ. వసంతుగాడు సెప్పకపోయినా నాకు తెలుసు. మీ సొక్కా మూట కట్టి నా సేతికిచ్చినారు. ఆ నీసు, ఆ సింతపండు. నా ముక్కుకి తెలీదా ఏటి?"

చెప్పు, ఇప్పుడే వెళ్లి చెప్పు అనుకున్నాను.

"డాక్టరమ్మ అడిగినప్పుడు నోటి దాకా వచ్చినాది. సెప్తే మొక్కు తప్పినామని నా నోటితో నానే ఒప్పుకున్నట్టు. అప్పుడు ఆ సామి పిల్ల కడుపులోదాన్ని అడుగుతాడు. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాడు. తిన్నది మీరు. మీరే ఎల్లండి. బిడ్డని ఒగ్గేయండి."

నా చెంప తుడిచింది. నేను ఏడవలేను కాబట్టి, పడినవి తన కన్నీళ్లే అయి ఉండాలి.

కోపంతో ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేసిన మనిషి! అంతా తప్పు, ఒక్క ముక్కా నిజం కాదు, నేను పోతే ఆ బిడ్డకు ఒరిగేదేమీ లేదు. కానీ పక్కనుంచి ఇంకో ఆలోచన వచ్చింది. నిజంగానే అలా ఒకరికి ఒకరు అని బేరం ఉండి ఉంటే, నేను ఎవర్ని పొమ్మనేవాణ్ణి? నన్నే. తను నా జవాబే చెప్పింది. అది తెలిశాక కోపం తగ్గలేదు గానీ దాన్ని పెట్టుకోవడానికి చోటు లేకుండా పోయింది.

స్పెషలిస్టులు వచ్చారు. ఒకాయన నా కనురెప్ప ఎత్తి దూది పోగుతో గుడ్డును తాకాడు. ఏమీ లేదు. రెండో కంటికి వెళ్లాడు. ఉన్న బలమంతా ఆ రెప్పలోకి తోశాను. అది కొట్టుకుంది. గట్టిగా కాదు, ఏదో అదిరినట్టు. ఆయన చెయ్యి ఆగిపోయింది. మళ్లీ తాకాడు. మళ్లీ అదిరింది. పరీక్ష అక్కడితో ఆపేశారు. శర్మిళ గట్టిగా ఏడ్చింది. రత్నావతి గొంతు వినబడలేదు.

రెండు రోజులకు గొట్టం తీశారు. మెడ నిలబడింది గానీ చేతులు ఇంకా లేవలేదు. రత్నావతి పక్కన కూర్చుని గంజి తాగిస్తోంది. వసంతన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అప్పుడే డాక్టరమ్మ వచ్చింది.

"స్ట్రోక్ ఇలా తగ్గదు. నిజం చెప్పండి అంకుల్, సముద్రపుది ఏమైనా తిన్నారా?"

"బెలంకాస్," అన్నాను. గొంతు నాది కానట్టు వచ్చింది.

వసంతన్ మొహం చేతుల్లో దాచుకుని బయటికి వెళ్లిపోయాడు. డాక్టరమ్మకు మాత్రం ఆ పేరు వినగానే కళ్లు మెరిశాయి. మంచి జవాబు దొరికితే క్విజ్ పిల్లలు అలాగే అవుతారు. సంతోషంగా రత్నావతి వైపు తిరిగింది.

"వింతైన విషం ఆంటీ. మనిషి శవంలా పడుంటాడు గానీ పూర్తి తెలివిలో ఉంటాడు. చెవులు చక్కగా పనిచేస్తాయి. మీరు పక్కన కూర్చుని మాట్లాడినవన్నీ అంకుల్ విన్నారు!"

శుభవార్త చెప్పానన్నట్టు నవ్వి, పక్క మంచం దగ్గరికి వెళ్లింది.

రత్నావతి చేతిలో చెంచా గిన్నె మీదే నిలిచిపోయింది.

"అన్నీ ఇన్నారా?"

"ఇన్నాను."

తను ఏడవలేదు. క్షమించమనీ అనలేదు.

"పిల్లకి సెప్పకండి," అంది.

చెంచా నింపి, ఊది, నా పెదాల దగ్గరికి తెచ్చింది. నేను తన మొహంలోకి చూశాను. అక్కడ నాకేమీ దొరకలేదు. ఆకలిగా ఉంది. నోరు తెరిచాను.