అరుగు మీద అన్న మాట

వెంకటరాజానికి కారుంది గానీ నడపడం రాదు. గురవయ్యకు నడపడం వచ్చు గానీ కారు లేదు. చండూరులో వీళ్ళిద్దరినీ ఒక్కచోట కూర్చోబెట్టింది ఒక పాత మారుతి బండి. తండ్రి నేసిన చీరలు, పక్కింటి మగ్గాల చీరలు మూటగట్టి నల్లగొండకో హైదరాబాదుకో చేరవేయడానికి పనికొస్తుందని కొడుకు అశోక్‌కుమార్ ఎక్కడో కొని తెచ్చి ఇంటి ముందు నిలబెట్టి, తన ఉద్యోగానికి తాను పోయాడు. నడిపేదెవరు అన్న సంగతి అతనికి తట్టనేలేదు.

అప్పుడు దొరికినవాడు గురవయ్య. ఆర్టీసీలో ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపి రిటైరైనవాడు. అన్నేళ్ళలో ఒక్క మనిషికి గానీ ఒక్క మేకకు గానీ బస్సు తాకించలేదు. తనంతట తాను ఈ మాట చెప్పుకునే రకం కాదు, కానీ ఎవరైనా అడిగితే మేకను మరిచిపోకుండా చెప్పేవాడు. కల్లు కూడా ముట్టడు. స్టీరింగు పట్టేవాడికి అది కుదరదని ఇరవై రెండేళ్ళ వయసులో అనుకున్నాడట, రిటైరయ్యాక కూడా ఆ మాట మీదే ఉన్నాడు.

నాలుగేళ్ళు ఇద్దరూ కలిసి తిరిగారు. దారిపొడుగునా కొట్లాడుకునేవారు. కిటికీ అద్దం దించాలా ఎక్కించాలా, టీ మునుగోడులో తాగాలా ముందుకు పోయి తాగాలా, ఇట్లాంటివి. గురవయ్య వయసులో రెండేళ్ళు పెద్ద. అయినా అతను "రాజమన్నా" అని పిలిచేవాడు, వెంకటరాజం "గుర్వయ్యా" అని పేరు పెట్టి పిలిచేవాడు. వెంకటరాజంలాంటి నేతగాళ్ళుండే సాలోళ్ళ బజారుకు, గురవయ్య ఉండే వాడకు మధ్య ఊరు పెట్టిన లెక్క అది. దాని గురించి ఇద్దరూ ఏనాడూ మాట్లాడుకోలేదు.

రాష్ట్రం వచ్చిన అయిదో ఏటి ఎండాకాలంలో ఈ గొడవ జరిగింది. మగ్గం మీద నేసిన చీర చుట్టుకునే దోనెకు చీలిక వస్తే నల్లగొండలో వడ్రంగి దగ్గర బాగు చేయించారు. మనిషంత పొడుగు కర్ర, రెండు కొసలకూ ఇనుప ములుకులు. గురవయ్య టీ తాగి వచ్చేదాకా ఆగలేక వెంకటరాజం తానే దాన్ని కారులోకి ఎక్కించుకున్నాడు. ఓపిక అనేది మగ్గం మీద కూర్చున్నప్పుడే ఉంటుంది ఆయనకు, దిగితే ఉండదు.

సాయంత్రం ఇంటికొచ్చారు. ఎదురింటి లింగస్వామి అరుగు మీద ఎప్పటిలాగే అరడజను మంది కూర్చుని ఉన్నారు. వెంకటరాజం దోనె భుజాన పెట్టుకుని ఇంట్లోకి పోయాడు. గురవయ్య డిక్కీ మూశాడు. మూయగానే వెనక అద్దం మొత్తం ఒక్కసారిగా పలుకులు పలుకులై బజారులో రాలింది.

వెంకటరాజం పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది గుర్వయ్యా?"

"డిక్కీ మూసిన, పగిలింది రాజమన్నా. మెల్లగనే మూసిన."

అరుగు మీది నుంచి లింగస్వామి అందుకున్నాడు. "మెల్లగ మూస్తెనే గిట్లయితే, గట్టిగ మూస్తే బండే లేకపోవు."

అందరూ నవ్వారు. ఆ నవ్వు కారు మీదనో గురవయ్య మీదనో కాదు, తన మీదనే అనిపించింది వెంకటరాజానికి. నలుగురు నవ్వుతుంటే మనిషికి ఏదో ఒకటి అనాలనిపిస్తుంది, ఆ ఏదో ఒకటి మంచి మాటే కావాలని లేదు.

"పొద్దుగూకక ముందే మందు తాగినవా ఏంది గుర్వయ్యా? బస్సు తలుపనుకున్నవా గది?"

మళ్ళీ నవ్వారు. ఈసారి గురవయ్య మీద. వెంకటరాజానికి కొంచెం నెమ్మదించింది. అంత చిన్న బుద్ధి ఆయనది ఆ నిమిషాన, దాచడమెందుకు.

చెప్పుల్లేని పిల్లలు తిరిగే బజారని గురవయ్య అట్టముక్క అడిగి తీసుకుని, వంగి, రాలిన పలుకులన్నీ ఒక్కటి మిగలకుండా ఎత్తాడు. తర్వాత వెనక ప్లాస్టిక్ కాగితం అతికించాడు. అన్నీ అయ్యాక తాళంచెవి చేతిలో పట్టుకుని అన్నాడు.

"నార్కట్‌పల్లిల అద్దం ఏయించి బండి నీ ఇంటి ముంగట పెడ్త. గంతదాంక తాళం నా దగ్గరుంటది. తర్వాత ఇంకెవరినన్న సూసుకో."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని వెంకటరాజానికి తెలియనిదేమీ కాదు. కానీ తెలియడం వేరు. అన్నం ముందు కూర్చుని, "రెండు దినాలల్ల సల్లబడ్తడు, ఆయినకు మాత్రం ఎవరున్నరు," అన్నాడు భార్యతో.

సావిత్రమ్మ పప్పు వడ్డిస్తూ చెయ్యి ఆపింది. "ఎవరు లేనిది నీకు. పోయినేడు నేను దవాఖానల పడ్డప్పుడు పదకొండు దినాలు అరటిపండ్లు పట్టుకొచ్చింది నీ లింగస్వామా, గుర్వయ్యన్ననా?"

ఆమె గురవయ్యను అన్న అంటుందని ఆయనకు తెలుసు గానీ, అప్పటిదాకా వినిపించుకోలేదు. ఆ రాత్రి పప్పు రుచి కూడా తెలియలేదు.

నార్కట్‌పల్లికి నాలుగో నాడు, అద్దం వచ్చిందని కబురందాక, మధ్యాహ్నం బయలుదేరారు. వెంకటరాజం తోడు పోవలసిన పనేమీ లేదు, అయినా వచ్చి ముందు సీటులో కూర్చున్నాడు. ఇదే ఆఖరి ప్రయాణమని ఇద్దరికీ తెలుసు. వెనక ప్లాస్టిక్ కాగితం గాలికి టపటపా కొట్టుకుంటూనే ఉంది. కిటికీ అద్దం దించాలో వద్దో ఎవరూ అడగలేదు. మునుగోడులో టీ దగ్గర బండి ఆగలేదు. ఎన్నడూ లేనిది గురవయ్య ఆయన్ను "మీరు" అన్నాడు. "మీకు ఎండ తాకుతాందా?" అని. వెంకటరాజానికి ఆ మాట నెత్తిన మొట్టినట్టయింది. చీ పో అన్నా ఇంత బాధ ఉండేది కాదు.

హైవే పక్కన అద్దాలు బిగించే షెడ్డు డానియల్‌ది. నలభై ఏళ్ళవాడు, మాటకారి. ఈ బండి అద్దం ఒకటి ఎక్కడో వెతికి తెప్పించి పెట్టాడు. "ఇప్పటి బండ్లకు గమ్ము పెట్టి అంటిస్తం. దీనిది రబ్బరు బీడింగు, పాత పద్ధతి. దీనికి చేతులు కావాలె. మా తమ్ముడు సుట్టాలింటికి పోయిండు, మీరే ఇంత సాయం పట్టాలె," అన్నాడు.

గురవయ్య మంచినీళ్ళకని రోడ్డు దాటి పోయాడు. డానియల్ పాత బీడింగు ఊడదీస్తూ కింది మూలన ఒకచోట ఆగి వేలితో తడిమాడు. రబ్బరు తెగి ఉంది. దాని కింద రేకుకు వేలి కొస పట్టేంత గుంట. గుంటలో రంగు లేచిపోయి ఇనుము తళతళలాడుతోంది.

"లోపల్నుంచి ఏదో ఇనుపది గుద్దుకుంది పెద్దమనిషీ. ఏమన్న బరువు ఏసుకొచ్చిండ్రా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు వెంకటరాజం చెయ్యి తన తుంటి మీదికి పోయింది. వడ్రంగి కొట్టు ముందు దోనె ఒక కొస ముందు సీటు మీద, రెండో కొస వెనక మూలకు ఆనించి, డిక్కీ మూతపడకపోతే తుంటితో ఒక్క నెట్టు నెట్టింది తనే. కటుక్కుమని చిన్న చప్పుడైంది కూడా. కర్ర సర్దుకుందనుకున్నాడు.

"గప్పుడే పగలాలె గద?" అన్నాడు.

"ఎనక అద్దం గట్ల కాదు. అంచుకు గోరంత దెబ్బ తాకినా పైకి కనవడది. ఎండకు కాగి కాగి, ఎవరో ఇట్ల తలుపు మూస్తే ఆ ఊపుకు మొత్తం పోతది. మూసినోని మీద పడ్తది నింద." డానియల్ నవ్వి, సబ్బునీళ్ళు కలపడానికి లేచాడు. అతనికి ఇది రోజూ చూసే పని, అప్పుడే మరిచిపోయాడు కూడా.

గురవయ్య నీళ్ళ సీసాతో తిరిగివస్తున్నాడు. రోడ్డు మీద లారీలు పోతుంటే ఆగి, రెండు వైపులా చూసి, మళ్ళీ ఆగి దాటాడు. వెంకటరాజానికి రెండు నిమిషాల వ్యవధి ఉంది. ఆ రెండు నిమిషాల్లో ఎన్ని తోవలు వెతికాడో చెబితే నవ్వుతారు. అద్దమే నాసిదనొచ్చు. ఎండ మీద తోసేయొచ్చు. అసలేమీ అనకపోతే డానియల్ మళ్ళీ ఎత్తేలా లేడు, ఎవరికీ తెలియదు. కానీ ఎవరికీ తెలియకపోతే సాయంత్రం తాళంచెవి చేతికొస్తుంది, "మీరు" అనే మనిషి ఒకడు తన బజారు దాటిపోతాడు. మింగలేక కక్కలేక అక్కడే నిలబడ్డాడు.

డానియల్ కొత్త అద్దం చుట్టూ రబ్బరు తొడిగాడు. రబ్బరు లోపలి గాడిలో సన్నటి నైలాను తాడు చుట్టూ తిప్పి, రెండు కొసలు కింద వదిలాడు. "ఒకరు లోపల కూసొని తాడు గుంజాలె. తాడు వస్తాంటే రబ్బరు పెదవి రేకు మీదికి మలుసుకుంటది. జోరుగ గుంజితే రబ్బరు తెగుతది, వదులుగ గుంజితే మలుసుకోదు. ఒకరు బయట నుంచి అరచేతులతోని ఒత్తాలె."

వెంకటరాజం వెనక సీటులోకి ఎక్కాడు. గురవయ్య బయట అద్దం మీద రెండు అరచేతులూ ఆనించాడు. తాడు కొస వేళ్ళ మధ్యకు రాగానే వెంకటరాజం చేతులకు ఎవరూ ఏమీ చెప్పనక్కర లేకపోయింది. ఎంత బిగువు కావాలో వేళ్ళే చూసుకున్నాయి. యాభై ఏళ్ళుగా దారంతోనే బతికిన చేతులు. అంగుళం అంగుళం తాడు వస్తోంది, రబ్బరు తిరుగుతోంది, అది తిరిగిన చోటల్లా బయట గురవయ్య చేతులు ముందే వచ్చి ఒత్తుతున్నాయి. "నువ్వు రోజు రా పెద్దమనిషీ, మా తమ్ముణ్ణి మాన్పిస్త," అన్నాడు డానియల్.

మధ్యలో అద్దం. అటు గురవయ్య ముఖం, చెమట పట్టి, జానెడు దూరంలో. అతను ఈయన కళ్ళలోకి చూడడం లేదు, రబ్బరునే చూస్తున్నాడు. గురవయ్య కాదు పగలగొట్టింది. అయినా తన పనే అన్నట్టు ఒత్తుతున్నాడు. వెంకటరాజానికి కళ్ళు నిండాయి. "నేనే పగలగొట్టిన గుర్వయ్యా," అన్నాడు.

హైవే మోతలో గురవయ్యకు పెదవులు కదలడమే కనిపించింది. "గుంజు, గుంజు," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ప్లాస్టిక్ చప్పుడు లేదు. నార్కట్‌పల్లి పొలిమేర దాటాక వెంకటరాజం మొత్తం చెప్పాడు. దోనె సంగతి, తుంటితో నెట్టిన సంగతి, డానియల్ చూపించిన గుంట సంగతి. ఒక్కటీ దాచలేదు. చెప్పి, తప్పయిందన్నాడు.

గురవయ్య గేరు మార్చాడు.

"నేను మెల్లగనే మూసిన్నని నాకు తెల్వదా రాజమన్నా? తాగలేదని నాకు తెల్వదా? నాకెందుకు చెప్తున్నవు?"

"మరెవరికి చెప్పాలె?"

"తెల్వనోళ్ళకు చెప్పాలె. అన్నది నలుగుట్ల అన్నవు. తప్పయిందని కార్ల తలుపులేసుకొని అంటున్నవు. నిన్న మా మైసమ్మ బియ్యం దుకాణంకాడ నిలవడితే, మీ ఆయిన తాగి బండి నడుపుతడట గద అని అడిగిండ్రట. నా పెండ్లాన్ని. ముప్పై ఒక్క ఏండ్లు నేను కాపాడుకున్నది గదొక్కటే."

వెంకటరాజం మాట బజారులో అనేసి వచ్చాడు, అది తనకన్నా ముందే ఊరంతా తిరిగింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

చండూరు చేరేసరికి పొద్దు వాలింది. గురవయ్య బండిని బజారు మొదట్లోనే ఆపాడు, ఇంజను ఆపకుండా. "దిగు. బండి తర్వాత తెచ్చి పెడ్త. వాళ్ళంత కూసున్నరు, నేను రాను," అన్నాడు.

వెంకటరాజం దిగాడు. తన ఇంటికి పోవాలంటే అరుగు ముందు నుంచే పోవాలి. లింగస్వామి అప్పటికే పిలుస్తున్నాడు. "ఏం రాజం, అద్దం పడ్డట్టేనా?"

"పడ్డది. గా అద్దం పగలగొట్టింది నేను. దోనె పెట్టి డిక్కీ నెట్టింది నేనే. గుర్వయ్య తాగలేదు, ఆయిన జన్మల తాగలేదు. నేను అన్న మాట అబద్ధం."

లింగస్వామి, పెద్దరికం చేసేవాడిలా, "పోనియ్యి రాజం. అద్దమే గద. గీ మాటలన్ని ఇప్పుడెందుకు, వాడేమన్న అనుకుంటడా?" అన్నాడు.

"వాడు గాదు," అన్నాడు వెంకటరాజం. "గుర్వయ్యన్న. నాకన్న రెండేండ్లు పెద్దోడు. అనుకున్నడు. అనుకోడా మరి?"

అరుగు మీద ఒకడు దగ్గాడు. లింగస్వామి తువ్వాలు భుజం మార్చుకున్నాడు. రేపటి నుంచి ఈ అరుగు మీద తనకు జాగా ఉంటుందో ఉండదో వెంకటరాజానికి తెలియదు. భయంగానే ఉంది. అరవై నాలుగేళ్ళూ ఈ మనుషుల మధ్యే బతికినవాడు.

అప్పుడు బజారు మొదట్లో ఇంకా నిలిచే ఉన్న మారుతి ఇంజను ఆగిపోయింది. డ్రైవరు వైపు కిటికీ అద్దం కిందికి దిగింది.

వెంకటరాజం అటు తిరిగి చూశాడు. మళ్ళీ అరుగు వైపు తిరిగి, ఈసారి బజారు చివరిదాకా వినిపించేటట్టు, మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు.