ఫోర్కు మీద రింగు

ప్రాక్టీసులో కొన్ని చుట్లు తిరిగాక, కొత్త రేసు టైర్లు వేసిన మోటారుసైకిలుని మెకానిక్కు ఉండే పిట్‌లోకి తెచ్చేముందు, అందరూ పిచ్చుక అని పిలిచే ఆ రైడరు గోడ చాటున ఆగి ఒక దొంగపని చేసింది. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కు గొట్టానికి చిన్న రబ్బరు రింగు ఉంటుంది. బ్రేకు కొట్టినప్పుడు ఫోర్కు ఎంత దిగితే రింగు అంత కిందికి జరుగుతుంది. అది ఎంత కింద ఉంటే రైడరు అంత ధైర్యంగా బ్రేకు కొట్టినట్టు. పిచ్చుక దాన్ని వేలితో అడుగుదాకా తోసేసింది.

తోయక ఏం చేస్తుంది? పోయినేడాది చివరి మలుపులో పడి భుజం ఎముక విరిగినప్పటి నుంచి, బ్రేకు మీద వేలు పెడితే చాలు, భయమేసి గట్టిగా నొక్కలేకపోతోంది. సాయంత్రానికి వేగం పెరగకపోతే ఆదివారం రేసుకి బండి ఇంకొకరికిస్తానని యజమాని ముఖం మీదే చెప్పేశాడు.

బండి చూసే మెకానిక్కు పిచ్చుక భర్తకి అక్క. ఆడపడుచంటే లోకానికి ఒక అభిప్రాయం ఉంది కదా, ఈవిడ దాన్ని ఏనాడూ ఖాతరు చెయ్యలేదు. మోకాళ్ళ మీద కూర్చుని రింగు చూసింది.

"అబ్బో, కొత్త టైర్ల పట్టు బాగానే వాడేస్తున్నావే! ఫోర్కు అడుగు తాకుతోంది. స్ప్రింగు బిగిస్తానుండు."

బిగించింది. ఇక చూడాలి తమాషా! పిచ్చుక భయంభయంగా కొట్టే బ్రేకుకి ఆ బిగిసిన ఫోర్కు దిగితేనా? ముందు చక్రం నేలకి అంటుకోకుండా ఎగిరెగిరి పడింది. చివరి మలుపులో బండి జారి, పడబోయి, ఎలాగో నిలదొక్కుకుంది. అంత జరిగినా, పిట్‌లోకి వచ్చేముందు రింగు తొయ్యడం మాత్రం మరిచిపోలేదు మహాతల్లి.

"ఇంత బిగించినా అడుగుదాకానా?" వదిన గొట్టం దగ్గరికి వంగింది. ఫోర్కు దిగినంత మేర, సగం దాకానే దుమ్ము శుభ్రంగా చెరిగింది. ఆ కింద ఉన్నది వేలు జారిన చార ఒక్కటే.

"ఏమైంది?" అన్నాడు వెనక నిలబడ్డ యజమాని. పిచ్చుకకి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏం లేదండీ. నాదే పొరపాటు, మరీ బిగించేశాను," అంటూ వదిన ఆ చారని గుడ్డతో తుడిచేసింది.

ఆయన అటు వెళ్ళగానే పిచ్చుక నోరు విప్పబోయింది.

"మాట్లాడకు. నువ్వు పడకముందు కొట్టిన బ్రేకుతో నాకేం పని? ఇవాళ్టి బ్రేకుకి సెట్ చేస్తాను. బండి దగ్గర పరువేంటమ్మా? భయమేస్తే భయమని చెప్పు, మెత్తగా చేస్తా."

స్ప్రింగు వదులు చేసింది. ఈసారి బండి ముందు భాగం పిచ్చుక వేలి మాట విని మెల్లగా వంగింది, టైరు నేలని పట్టుకుంది. చివరి మలుపు మామూలు మలుపులా వచ్చి వెళ్ళిపోయింది. మరుసటి చుట్టులో బ్రేకు కాస్త ఆలస్యంగా కొట్టింది, ఆపైన ఇంకాస్త ఆలస్యంగా.

"మునుపటంత లేదు గానీ, పెరిగింది. ఆదివారం నువ్వే తోలు," అన్నాడు యజమాని గడియారం చూసి.

పిచ్చుక ముందు ఫోర్కు దగ్గర కూలబడింది. రింగూ, దుమ్ము చెరిగిన గీతా ఒకేచోట ఉన్నాయి.

"అడుగుకి ఇంకా రెండు వేళ్ళ దూరం మిగిలింది వదినా."

"ఉండనీ. భయం పోయాక వాడుకుందువు గాని."

 పిచ్చుక చటుక్కున వదిన గ్రీజు చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"ఓసి పిచ్చిదానా, మొహమంతా మసి!"

"ఉండనివ్వండి," అంది పిచ్చుక, చేతులు వదలకుండా.