ఓబులమ్మ పేరు పట్టే మాట

జమ్మలమడుగులో పెండ్లికొడుకు ఇంటి గడప ముందర ఆడబిడ్డ తిరుపాలమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది. మొగుడు పెండ్లాం పేరు, పెండ్లాం మొగుడి పేరు నోరారా చెప్పందే కొత్త జంటను లోపలికి రానివ్వరు. అది ఆనవాయితీ. చుట్టూ చేరిన జనం ముందే నవ్వు బిగబట్టుకొని ఉన్నారు.

"చెప్పు తమ్ముడూ, ఎవురెవురొచ్చినారు?"

తాలూకాఫీసు గుమాస్తా వీరబ్రహ్మం మెడలో దండ సర్దుకున్నాడు. "నేనూ, ఉషారాణీ వచ్చినాం."

పెండ్లికూతురు చివ్వున తల ఎత్తింది. చాపాడు దగ్గరి పల్లెలో గొర్రెల నారాయణ కూతురుగా పుట్టి, ఆ పొద్దున తాళి కట్టించుకున్న ఆమె పేరు ఓబులమ్మ.

"ఆ యమ్మ యెవురు?" అంది.

అత్త యశోదమ్మ దిష్టినీళ్ళ పళ్ళెం పట్టుకొని గడపలోకి వచ్చింది.

"నువ్వే మే. ఈపొద్దు నుంచి నీ పేరు అది. మావాడు ఆఫీసర్లతో తిరిగేటోడు. డిప్టీ తాసిల్దారు పెండ్లాం ముందర ఓబులమ్మా అని పిలిస్తే మా మర్యాద ఏం గావాల?"

"మా నాయనను గన్న జేజి పేరత్తా అది. అహోబిలం సామి పేరు. నన్ను అడక్కుండా యెట్ల మారుస్తారు?"

"అడిగేదేంది? పుట్టింటి చీర ఇడిసి అత్తింటి చీర కట్టుకోలా? ఇదీ అంతే."

పెండ్లికొడుకు తమ్ముడు రామసుబ్బయ్య అరుగు దిగి వచ్చాడు. అనంతపురంలో బీయే చదువుతున్నాడు. ఆ సంగతి ఎదుటివాళ్ళు మరిచిపోకుండా చూసుకోవడం అతని అలవాటు.

"వదినా, ఆ పేరు ఇంగ్లీషులో యాడన్నా ఇముడుతాదా? ఓ, బి, యు, ఎల్, ఎ, ఎమ్. ఈ అచ్చరాలన్నీ ఉండే పెద్ద మాట ఒకటి చెప్పు, నీ పేరు నువ్వే పెట్టుకో. చెప్పలేకపోతే ఉషారాణివై లోపలికి రా."

ఆ ఆట ఆమెకు కొత్త కాదు. ప్రొద్దుటూరు ఆడపిల్లల బళ్ళో సైదున్నీసా టీచరు శుక్రవారం ఆఖరి గంటలో నల్లబల్ల మీద నాలుగు అక్షరాలు రాసి, అవన్నీ ఉండే ఇంగ్లీషు మాటల్లో పొడుగైనది ఎవరు తెస్తారో చూసేది. ఆడపిల్లలు ఊరుకుంటారా? బోర్డు మీది అక్షరాలకంటే ముందు ఎవరి పేరుతో వాళ్ళు డిక్షనరీ తిరగేసేవాళ్ళు. అయినా ఓబులమ్మకు ఒళ్ళు మండింది. అది చెప్పలేని ప్రశ్న కాదు. తన పేరును తాను పందెంలో గెలుచుకోవలసి రావడమేమిటి?

"సోమ్నాంబులిస్ట్," అంది.

"అంటే ఏంది మే?" తిరుపాలమ్మ అడిగింది.

"నిద్దట్లో నడిచేటోడు వదినా. పెండ్లాం పేరు గూడా తెలీకుండా ఇల్లు జేరేటోడు."

జనం గొల్లుమన్నారు. రామసుబ్బయ్య వేళ్ళు మడిచి అక్షరాలు సరిచూసుకున్నాడు. ఒక్కటీ తప్పిపోలేదు.

"ఇదేం పెద్దది? దీని తాత లాంటిది చెప్పు."

"సర్కమాంబులేషన్. ప్రదక్షిణం. దీని తాత నీకాడుంటే నువ్వే చెప్పు అబ్బీ."

అతను లోలోపల రెండుసార్లు గొణుక్కున్నాడు. మొహం మాడింది. అమ్మ వైపు చూసి, "పో వదినా, ఆట ఆటే, పేరు పేరే. తమాషాకు అంటి," అన్నాడు.

"నేను చెప్పలేకపోయింటే తమాషా అంటాంటివా? నేను ఓడితే పేరు పోవాల, నువ్వు ఓడితే తమాషానా? సరే, మీ అన్న పేరుకు చెప్పు. వి, ఇ, ఆర్, ఎ, బి, హెచ్, ఎమ్. దొరక్కపోతే ఆయన పేరూ మార్చేద్దాం."

రామసుబ్బయ్య ఆకాశం చూశాడు, పందిరి చూశాడు, కాళ్ళ కింద పేడనీళ్ళు చల్లిన నేల చూశాడు.

"ఏమప్పా," పక్కింటి పీర్ సాహెబ్ కేక వేశాడు, "అనంతపురంలో బువ్వ తినను పోయింటివా, చదవను పోయింటివా?"

"నేనే చెప్తాలే మామా," అంది ఓబులమ్మ. "మిస్‌బిహేవియర్. చెడు నడత."

ఈసారి నవ్వు వీధి మలుపు దాకా పోయింది. యశోదమ్మ పళ్ళెం పట్టుకొనే జనం వైపు తిరిగింది. "సూడండ్రా! గడప తొక్కకముందే మొగున్ని తిడతాండాది!"

"నేను తిట్టలేదత్తా. ఆ పేరులో దొరికింది చెప్పినా."

చెప్పి, మొగుడి వైపు తిరిగింది. అంతసేపూ అతను మెడలో దండ సర్దుకుంటూనే ఉన్నాడు. మరిది ఎకసక్కెం కంటే, అత్త అదిలింపు కంటే ఆమెకు అదే ఎక్కువ కోపం తెప్పించింది.

"వాళ్ళతో నాకు పని లేదు. మీరు చెప్పండి. పొద్దున మా నాయన ఏ పేరు చెప్పి మీ చేతిలో నా చెయ్యి పెట్టినాడు? అగ్గి చుట్టూ మీ వేలు పట్టుకొని తిరిగింది యెవురు? ఉషారాణి అయితే ఆ యమ్మనే పిల్చుకొచ్చుకోండి. ప్రొద్దుటూరు బస్సు ఇంకా పోలేదు."

అని ఒక అడుగు వెనక్కి వేసింది. ఇద్దరినీ కలిపి కట్టిన కొంగుముడి బిగుసుకొని వీరబ్రహ్మం ముందుకు తూలాడు. అమ్మను చూశాడు. తమ్ముణ్ణి చూశాడు. వాళ్ళు అతన్నే చూస్తున్నారు. ఓబులమ్మ ఇంకో అడుగు వేయబోయింది.

"నేనూ..." గొంతు తగ్గించాడు. "నేనూ, ఓబులమ్మా వచ్చినాం."

"ఇనపళ్ళా," అంది తిరుపాలమ్మ.

"నేనూ ఓబులమ్మా వచ్చినాం!"

"ఇప్పుడు నువ్వు చెప్పు మే."

"నేనూ, వీరబ్రహ్మమూ వచ్చినాం." చివర గారు లేదు. అదేమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

తిరుపాలమ్మ చేతులు దించింది. యశోదమ్మ తమలపాకు మీద కర్పూరం వెలిగించి, ఎర్రనీళ్ళు మూడుసార్లు తిప్పింది.

"కుడికాలు ముందర పెట్టు ఉషా."

ఓబులమ్మ రెండు కాళ్ళూ గడప బయటే ఉంచుకొని నిలబడింది. కర్పూరం సగానికి వచ్చింది. అది ఆరిపోతే అశుభమని అందరికీ తెలుసు.

"అమ్మా," అన్నాడు వీరబ్రహ్మం, "ఓబులమ్మ."

యశోదమ్మ కొడుకును కాల్చేట్టు చూసింది. మంట ఆకు అంచు దాకా వచ్చింది.

"పెట్టు మే కుడికాలు," అంది పండ్లు కొరుకుతూ. "ఓబులమ్మా."