గోడ అవతల డింప్నా వాలు

పొరుగున ఉండే డింప్నా కొండవాలుకు గొర్రెల మేత కోసమిచ్చే సర్కారు సాయం మంజూరైందని తెలిసిన పొద్దున మలాకీకి గంజి గొంతు దిగలేదు. ఐర్లండ్‌లోని ఈ లీట్రిమ్‌లోనే పుట్టి, గొర్రెల మధ్యే పెరిగినవాడు తను; తన వాలుకు మాత్రం రాలేదు. రెండింటికీ మధ్య ఒక్క రాతిగోడ. అటూ ఇటూ అవే పసుపుపూల ముళ్లపొదలు. అయినా వ్యవసాయ శాఖవాళ్లు అతనిది మేతకు పనికిరాని నేలన్నారు.

"డబ్లిన్‌లో చెప్పులమ్ముకునే మనిషి! మొగుడు పోయాక వచ్చి గొర్రెలు పట్టింది. నేను నేర్పితే నేర్చుకుంది. ఇప్పుడు ఆవిడది పొలం, నాది అడవీనా?" అన్నాడు భార్య బ్రైడీతో.

"నీకు రాలేదని ఏడుస్తున్నావా, ఆవిడకి వచ్చిందనా?"

మలాకీ ఆ వారమే శాఖకు అప్పీలు పెట్టాడు.

ఆ తర్వాత డింప్నా కొత్త గేటు పెట్టించినా అతని కడుపు మండింది. చర్చి బయట ఫాదర్ ఆమె గొర్రెపిల్లల్ని మెచ్చుకుంటే ఇంటికొచ్చేదాకా సణిగాడు.

విచారణ పట్టణంలో, ఒక హోటల్ గదిలో జరిగింది. "మీ గొర్రెలు ఆ పొదల్లోకి వెళ్లి మేస్తాయని ఎలా నమ్మమంటారు?" అని అడిగింది అధికారిణి.

గొర్రెలు తొక్కిన బాటల గురించి చెప్పాలనే వెళ్లాడు. నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది. "ముందు గోడ అవతల డింప్నా వాలు చూడండి! అదెలా పాసైంది?"

"అంటే ఆవిడ మీద ఫిర్యాదు చేస్తున్నారా?"

బ్రైడీ బల్ల కింద అతని కాలు గట్టిగా తొక్కింది. "లేదు," అన్నాడు మలాకీ, ఆ మాటను లోపలినుంచి పీకినట్టు.

అధికారిణి నేల చూడటానికి వచ్చిన రోజు ఒకటే వాన. గొర్రెలన్నీ గోడ వారన ముడుచుకున్నాయి, పొదల్లో ఒక్కటీ లేదు.  అప్పుడు గోడ అవతల నుంచి డింప్నా కేకేసింది.

"మేడం! నా గొర్రె ఒకటి గోడ దూకి ఆయన పొదల్లో ఈనింది. వెతుక్కుంటూ పాక్కుంటూ వెళ్లాను. లోపలంతా ఆయన గొర్రెలు కొరికిన గడ్డే. రండి, దారి చూపిస్తా."

ఇద్దరూ వంగి లోపలికి దూరారు. బయటికొచ్చేసరికి అధికారిణి కోటు నిండా పొదలకు చిక్కుకున్న గొర్రెల ఉన్ని అంటుకుంది.

మలాకీ గెలిచాడు. పబ్‌లో అందరూ "అంతా డింప్నా చలవ" అంటుంటే బీరు చేదుగా దిగింది. బ్రైడీ పోరు పడలేక రొట్టె పట్టుకుని డింప్నా గుమ్మం ఎక్కాడు.

"నీది అప్పీలు లేకుండానే ఎలా పాసైంది, డింప్నా?"

"రెండు చలికాలాలు కత్తి పట్టుకుని పొదల మధ్య దారులు కొట్టాను. గుర్తులేదా? పొదల్ని ముదరనివ్వొద్దని మొదటి ఏడే చెప్పావు, నువ్వే."

అతనికి గుర్తుంది. చెప్పాడు గానీ, తను చేయలేదు. ఆమెను తిట్టుకోవడానికి కూడా ఏమీ మిగలలేదు. అదే మరీ మండింది.

ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే బ్రైడీతో అన్నాడు: "ఈసారి చలికాలం మనమూ పొదలు కొట్టాలి. ఆవిడకంటే ముందే మొదలుపెట్టాలి."