హైమ వీపు మీద నేను

నేను ఒక కెమెరా సంచిని. కావలిలో మోటారుసైకిళ్ల సీట్లు కుట్టే కాలేషా చేతిలో పుట్టాను. నా ఒళ్లు సీటు కవరు రెక్సిను, నా కడుపు సీట్లలో నింపగా మిగిలిన స్పాంజి. నాలాంటిదాన్ని కాలేషా అంతకుముందు కుట్టి ఎరగడు.

కుట్టించుకున్నది హైమవతి. పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తుంది, ఊరూరా బండి మీదే తిరుగుతుంది. అంతకుముందు కెమెరాను వెనక సీటుకు తాడుతో కట్టుకుని పోయేది. గతుకుల అదురుకు లెన్సు మరలు వదులై, ఒక పెళ్లిలో తలంబ్రాల ఫొటోలన్నీ మసకబారాయి. పెళ్లికూతురి తల్లి ఆల్బం సగంలోనే మూసి పక్కన పెట్టింది. అది చూసి తట్టుకోలేకే హైమ కాలేషా దగ్గరికి వచ్చింది.

"బండికి కడితే అదురంతా కెమెరాకే తగలతాది. వీపుకు తగిలించుకో. మనిషి ఒళ్లు ఊగి సగం అదురు మింగేస్తాది" అన్నాడతను.

నాకు భుజాలకు రెండు పట్టీలు, ఛాతీకి ఒక అడ్డపట్టీ పెట్టాడు. లోపల నాలుగు గదులు చేసి, గదికొక కోడిగుడ్డు పెట్టి, నన్ను తగిలించుకుని రైల్వే గేటు దాకా గతుకుల్లో పోయి వచ్చాడు. రెండు పగిలాయి. నన్ను కడిగి ఎండబెట్టి, గోడలు మందం చేసి మళ్లీ పోయాడు. ఈసారి నాలుగూ నిక్షేపంగా వచ్చాయి. కెమెరా కూడా గుడ్డులాంటిదేనా, దాన్ని పొదిగితే ఏం బయటికి వస్తుందా అని నాకు ఒకటే కుతూహలం.

రెండేళ్లు ఆమె వీపు మీద తిరిగాను. ఒకనాడు రామాయపట్నం దారిలో దూడ అడ్డం వచ్చింది. బ్రేకు వేస్తే చక్రం జారింది. వెల్లకిలా పడాల్సిన మనిషి, పడుతూనే ఒళ్లు తిప్పి చెయ్యి నేలకు ఆనించింది. నా మీద గీత కూడా పడలేదు. ఆమె ముంజేయి విరిగింది. అయినా లేచి మొదట తెరిచింది నా జిప్పునే, ఒంటిచేత్తో. కాపాడటానికి పుట్టింది నేను, కాపాడింది ఆమె. ఇదేం మనిషో నాకు అర్థం కాలేదు.

చేతికట్టు చూసి కాలేషా మండిపడ్డాడు. "సంచి కోసం నువ్వు పడితే ఇంక సంచి ఎందుకమ్మా?"

"లెన్సు పోతే మళ్లీ యాడ తెచ్చేది భాయ్?"

"వెన్నుపూస పోతే యాడ తెస్తావు?"

కాలేషా నా కుట్లు విప్పాడు. లెన్సుల గదులు పక్కలకు జరిపి, వెన్నుపూస వెంబడి మెత్తటి స్పాంజి మాత్రమే మందంగా దట్టించాడు. "ఈసారి పడితే దీని మీదే పడు. ఒట్టెయ్" అన్నాడు. ఆమె నవ్వి, బాగున్న చేతిని నా మీద వేసింది.

ఆ వానాకాలం కొండాపురం మలుపులో రోడ్డు మీద డీజిలు ఒలికి ఉంది. ఈసారి ఆమె ఒళ్లు తిప్పలేదు. బరువంతా నా మీద పడింది. నా రెక్సిను అడుగుదాకా చిరిగింది, లోపల ఏదో పటుక్కుమంది. ఆమె కాసేపు అలాగే పడుకుని, కాళ్లు కదిపి చూసుకుంది, చేతులు కదిపి చూసుకుంది. లేచి కూర్చుని, నన్ను తెరవకుండానే ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

హైమకు కాలేషా కొత్త సంచి కుట్టాడు. నన్ను మాత్రం బాగుచేయకుండా దుకాణంలో మేకుకు తగిలించాడు. సీట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు నా చిరుగులో వేళ్లు పెట్టి చూస్తారు, సంగతేమిటని అడుగుతారు. కాలేషా జరిగింది చెబుతాడు. అంతా విని ప్రతివాళ్లూ ఒకటే మాట అడుగుతారు: "మరి కెమెరా బాగుందా?"

"హైమ బాగుంది" అంటాడు కాలేషా, మిషను మీంచి తలెత్తకుండా.